ఆవిడ ఎటు పడింది?

"సడన్ బ్రేకు" అన్న మాట ముందుగా ఎవరి నోటి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. బస్సులో నలభై మంది ఉన్నారు. ఒకరెవరో అన్నారు, మిగతావాళ్లు నలుగురితో నారాయణ అన్నారు, కండక్టరు కూడా అంది. ఆ మంగళవారం సాయంత్రం డిపోలో గుమాస్తా ఆమె ముందు తెల్లకాగితం పెట్టి, "రాయమ్మా, డ్రైవరు సడన్ బ్రేకు వేయుట వలన వెనుక నిలబడియున్న ప్రయాణికురాలు అదుపు తప్పి పడిపోయెను" అని చెబుతుంటే ఒక్క అక్షరం మార్చకుండా రాసి సంతకం పెట్టింది. "నిలబడియున్న" అనే మాట ఆమె బుద్ధెరిగాక ఎన్నడూ వాడలేదు. కాగితం మీద పెట్టేది కాబట్టి అలాగే ఉండాలి కాబోలనుకుంది.

పడినావిడ బట్టలు కుట్టుకుని బతికే మనిషి. వయసు అరవై దాటింది. ఆ పొద్దున నీళ్ల ట్యాంకు స్టాపు దగ్గర పడింది, కుడి మణికట్టు విరిగింది. కండక్టరే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లి, కట్టు కట్టేదాకా ఉండి, మళ్లీ డిపోకి వచ్చింది.

సంతకం పెట్టి బయటికొచ్చేసరికి డ్రైవరు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై ఏడేళ్లుగా బస్సు నడిపిన మనిషి. మామూలుగా బల్ల మీద కూర్చున్నా స్టీరింగు పట్టుకున్నట్టే చేతులు ముందుకు పెట్టుకుంటాడు. ఆ రోజు చేతులు రెండూ పక్కకు వదిలేసి తన కుడికాలి వైపు చూసుకుంటున్నాడు. ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

"ఏం రాశావమ్మాయ్?"

"ఏం రాస్తాను బాబాయ్, అందరూ చెప్పిందే."

"బ్రేకు వేశాననేగా."

ఆమె పెన్ను మూత పెట్టి సంచీలో వేసుకుంది.

"వేశాను. వేసినట్టు గుర్తుంది. ఎందుకు వేశానో గుర్తు లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "ముందు బండి లేదు, మనిషి లేడు, కుక్క కూడా లేదు. ఖాళీ రోడ్డు. ఖాళీ రోడ్డు మీద నా కాలు బ్రేకెందుకు తొక్కిందమ్మాయ్?"

శనివారం విచారణ. తప్పు రుజువైతే ఆయన్ని బండి మీద నుంచి తీసేసి బస్సులు కడిగే షెడ్డుకు వేస్తారు. రిటైరవడానికి ఇంకా ఏడు నెలలుంది. ఆయన మాత్రం షెడ్డు గురించి ఒక్క మాట కూడా అనలేదు. "షెడ్డుకేస్తే వేయనీ. బకెట్లు మోయలేనా? కానీ నేను చెప్పకుండా నా కాలు తనంతట తను తొక్కిందంటే, ఇన్నేళ్లూ నేను ఎవరిని నమ్మి నలభై మందిని ఎక్కించుకున్నట్టు?" అని లేచి, మెట్లు దిగేటప్పుడు పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు. ఆయన కమ్మీ పట్టుకోవడం ఈ నాలుగేళ్లలో ఆమె ఎప్పుడూ చూడలేదు.

బుధవారం డ్యూటీ దిగి ఇంటికొచ్చి, ఆమె గిన్నెలు తోముకుంటుంటే కూతురు పుస్తకం పట్టుకుని వచ్చింది. తొమ్మిదో తరగతి. శుక్రవారం క్లాసులో ఆ పిల్ల నిలబడి "బలం, చలనం" పాఠం చెప్పాలి. వాళ్ల సైన్సు టీచరు పెట్టిన షరతు ఒకటే, పుస్తకంలో ఉన్న ఉదాహరణ చెప్పకూడదు, ఇంట్లోదే చెప్పాలి.

"అమ్మా, బస్సులో జనం ఎలా పడతారో చెప్పవా?"

ఆమె చేతిలో గిన్నె ఠక్కున కింద పడింది. "నేనేం చేశానే?" అంది, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

"నువ్వేం చేశావన్నానా? నాకు ఉదాహరణ కావాలి." పిల్ల గడపలో చతికిలబడి కళ్లు మూసుకుని అప్పజెప్పింది. "బయటి నుంచి బలం పనిచేయనంతవరకు, నిలబడి ఉన్న వస్తువు నిలబడే ఉంటుంది. కదిలే వస్తువు అదే వేగంతో తిన్నగా పోతూనే ఉంటుంది. వస్తువుకున్న ఈ గుణాన్ని జడత్వం అంటారు."

మంచం మీద నుంచి అత్తగారు అందుకుంది. "మొదటి సగం మీ నాన్నకు పుస్తకం చదవకుండానే వచ్చు. ఆదివారం పూట మంచం మీద చూడు, నేను కేకలు వేస్తే తప్ప కదలడు."

"అదే నానమ్మా, నీ కేకే బయటి బలం."

"రెండో సగం మాత్రం శుద్ధ అబద్ధం," అంది కండక్టరు చేతులు తుడుచుకుంటూ. "పోతూనే ఉంటుందా? ఇంజను ఆపేస్తే బస్సు ఆగిపోతుంది. దానంతటదే పోయేటట్టయితే డీజిలెందుకు పోస్తారే, దిష్టి తీయడానికా?"

"ఆగేది దానంతటది కాదమ్మా. ఆపేవి ఉన్నాయి కనక ఆగుతుంది. చక్రాల దగ్గర రాపిడి, ఎదురుగా గాలి. అవి కూడా బలాలే, వెనక్కి లాగుతుంటాయి. ఇంజను ముందుకు తోసేదీ, ఇవి వెనక్కి లాగేదీ సమానమైతే బస్సు అదే వేగంతో పోతుంది. ఏదో ఒకటి ఎక్కువైతేనే వేగం మారుతుంది."

"సమానమైతే ఆగిపోవాలి కదే. ఇద్దరు సమానంగా లాగితే తాడు కదలదు."

"ఆగి ఉన్న తాడైతే ఆగే ఉంటుంది. కదిలే బస్సయితే కదులుతూనే ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు ఉంటుందమ్మా, అంతే."

ఆమెకు నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఒక్కో ముక్క విడిగా చూస్తే బాగానే ఉంది, అన్నీ కలిపితే తల తిరిగిపోతోంది. టెన్తు రెండుసార్లు తప్పింది ఈ లెక్కల దగ్గరే అని ఆమెకు గుర్తొచ్చింది.

పిల్ల విసుక్కోలేదు. గట్టి అట్ట ఒకటి తెచ్చి నేల మీద పెట్టి, దాని మీద ఖాళీ నూనె సీసా నిలబెట్టింది. "అట్ట బస్సు. సీసా ప్రయాణికుడు. ఇప్పుడు బస్సు బయల్దేరుతోంది." అట్టను విసురుగా ముందుకు లాగింది. సీసా వెనక్కి పడింది. "కాళ్లు బస్సుతో పాటు ముందుకు పోయాయి. పైన ఒళ్లు ఉన్నచోటే ఉండాలనుకుంది. అందుకే వెనక్కి పడింది." మళ్లీ సీసా నిలబెట్టి, ఈసారి అట్టను మెల్లగా నడిపించి, వేగం పెంచి, టక్కున ఆపింది. సీసా ముందుకు బోర్లా పడింది. "ఇది బ్రేకు. కాళ్లు ఆగాయి, ఒళ్లు పోతూనే ఉంది."

"ఇది నాకు తెలీదనుకున్నావా? నాలుగేళ్ల నుంచి నా పనే ఇది. బయల్దేరేటప్పుడు ముందుకు వాలతాను, బ్రేకప్పుడు వెనక్కి వాలతాను. నా కాళ్లకు ఎప్పుడో వచ్చిన పాఠం..." అంటూ ఆగిపోయింది. "ఏదీ, బ్రేకు మళ్లీ వెయ్."

పిల్ల వేసింది. సీసా ముందుకు పడింది.

"మళ్లీ."

మళ్లీ ముందుకే పడింది.

"బ్రేకు వేస్తే వెనక్కి పడదా?"

"పడదమ్మా."

"పెద్దావిడైతే?"

"సీసా పెద్దదైనా అంతేనమ్మా!"

"మొహం ఇటు తిప్పుకుని ఉంటే?"

"మొహం ఎటైనా ఉండనీ. తల ఎటు పోయిందో అటు పడ్డట్టు. బ్రేకు వేస్తే తల డ్రైవరు వైపే పోతుంది."

ఆమె అట్ట వంకే చూస్తూ కూర్చుంది. కేకలు విని వెనక్కి తిరిగినప్పుడు కుట్టుపని ఆవిడ నడవలో వెల్లకిలా పడి ఉంది. కాళ్లు డ్రైవరు వైపున్నాయి, తల వెనక సీటు వైపుంది. కళ్లజోడు జుట్టులోకి ఎక్కిపోయింది. ఆమె వంగి లేపబోతే ఆవిడ కాళ్లే ముందు అడ్డొచ్చాయి. అంటే ఆవిడ వెనక్కి పడింది. మరి బ్రేకు? బ్రేకు మాత్రం పడింది. నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలారు, ఆమె కూడా తూలింది, ఒకాయన నుదురు కమ్మీకి కొట్టుకుంది. నలభై మంది ముందుకు పోతే ఈ ఒక్కావిడ వెనక్కెందుకు పోయింది? జడత్వం కూడా మనిషి మొహం చూసి పనిచేస్తుందా ఏమిటి?

"నీ పాఠంలో ఏదో తప్పుందే," అంది చివరికి.

"టీచరుకు చెబుతాలే," అని పిల్ల సీసా తీసుకుని పోయింది.

గురువారం పొద్దున వేరే డ్రైవరుతో డ్యూటీ ఎక్కింది కానీ ఆమె మనసంతా కాళ్ల కింద ఉంది. బస్సు కదిలిన ప్రతిసారీ, ఆగిన ప్రతిసారీ తన తోలు సంచీని చూసుకుంది. బయల్దేరేటప్పుడు సంచీ వెనక్కి ఊగుతుంది. బ్రేకు పడితే ముందుకొచ్చి పొట్టకు తగులుతుంది. నాలుగేళ్లుగా భుజాన వేలాడుతున్న సంచీ ఇన్నిసార్లు ఊగుతుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. టిక్కెట్టు అడిగినవాళ్లకు చిల్లర ఇవ్వడం మర్చిపోతోంది.

మంగళవారం సంచీ ఎటు ఊగింది? ఆమె కళ్లు మూసుకుని ఆ క్షణాన్ని మళ్లీ వెనక్కి లాగింది. ముందుసీటు అతనికి టిక్కెట్టు కొడుతోంది. సంచీ వెనక్కి పోయింది. కేక వినపడింది. తర్వాత సంచీ ముందుకొచ్చి పొట్టకు గట్టిగా తగిలింది. అంటే రెండు జరిగాయి. ముందు బస్సు బయల్దేరింది, తర్వాత బ్రేకు పడింది. కేక ఆ రెండింటికీ మధ్యలో ఉంది.

అక్కడికి వచ్చాక ఆలోచన తెగలేదు, మరింత చిక్కుపడింది. బస్సు బయల్దేరేది ఎలా? ఆమె తాడు రెండుసార్లు లాగి గంట కొడితేనే. ఒక గంటంటే ఆగు, రెండంటే పద. వెనక తలుపు డ్రైవరు అద్దానికి అందదు. లోపలి అద్దంలో నడవ ఒక్కటే కనిపిస్తుంది. మెట్టు మీద ఎవరున్నారన్నది ఆయనకు గంట చెప్పాల్సిందే. ఆ గంట ఆమె సరిగ్గానే కొట్టింది. నీళ్ల ట్యాంకు దగ్గర పొద్దున పూట ఎక్కే నాథుడు ఉండడు, దిగేది ముగ్గురు నర్సులు. వెనక మెట్టు మీది రేకు వదులై ఎవరు కాలుపెట్టినా ఠంగుమంటుంది. అందుకని ఆమె వెనక్కి తిరిగి చూసే పని కూడా పెట్టుకోదు. టిక్కెట్లు కొడుతూనే వింటుంది. ఒక ఠంగు, రెండు, మూడు. వెంటనే తాడు. "మా అమ్మాయికి వీపు మీద కూడా కళ్లున్నాయి," అని డ్రైవరు డిపోలో అందరికీ గొప్పగా చెప్పేవాడు. మంగళవారం కూడా మూడూ విన్నాకే కొట్టింది. అందులో ఆమెకు అనుమానం లేదు.

నీళ్ల ట్యాంకు వస్తోందనగా ముగ్గురు నర్సులూ లేచి తలుపు దగ్గరకొచ్చారు. వాళ్లలో పొడుగావిడ అడిగింది, "మొన్న మన బస్సులో ఎవరో పడ్డారటగా? వీళ్లిద్దరూ చెప్పారు."

"మీరు చూడలేదా? దిగేశారా అప్పటికే?"

"నేను రాలేదుగా మంగళవారం. మా చెల్లెలికి బాగోకపోతే సెలవు పెట్టాను."

"మంగళవారం మీరు రాలేదా?"

"రాలేదమ్మా. ఏం?"

బస్సు ఆగింది. ఒక ఠంగు. రెండో ఠంగు. మూడో ఠంగు. ముగ్గురూ దిగి రోడ్డు దాటి వెళ్లిపోయారు. ఆమె తాడు పట్టుకున్న చేయి పైనే ఉండిపోయింది. మంగళవారం దిగింది ఇద్దరే. మరి మూడో ఠంగు ఎవరిది? అది దిగిన కాలు కాదు. ఎక్కిన కాలు. సంచీలో చిల్లర వెతుక్కుంటూ, ఇంకా కమ్మీ కూడా పట్టుకోకుండా నడవలోకి వచ్చిన కుట్టుపని ఆవిడ కాలు. ఆ కాలి చప్పుడునే లెక్కలో వేసుకుని తను రెండు గంటలు కొట్టింది.

వెనక నుంచి ఎవరో హారన్ మోగించారు. "గంటమ్మా! నిద్రపోయావా?" అని కొత్త డ్రైవరు అరిచాడు. ఆమె వెనక్కి తిరిగి ఖాళీ మెట్టును రెండుసార్లు చూసి, అప్పుడు కొట్టింది.

ఆ సాయంత్రం నాలుగు పండ్లు కొనుక్కుని ఆసుపత్రికి వెళ్లింది. తను అనుకున్నది తప్పయితే బాగుండునని ఆమె ఆశ. కుట్టుపని ఆవిడ కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది.

"పెద్దమ్మా, మీరు ఎటు పడ్డారు?"

"ఎటేంటి, కిందికే పడ్డాను! పైకెవరైనా పడతారా?"

"కాదు, ముందుకా వెనక్కా?"

"అంత చూసుకుని పడతామా అమ్మా? ఎక్కాను, సంచీలో చెయ్యి పెట్టాను, ఆ తర్వాత బస్సు కప్పు కనపడింది. బ్రేకు వేశాడని అందరూ అన్నారు, నేనూ అదే రాయించా." ఆవిడ ఎడంచేత్తో తల వెనక తడుముకుంది. "ఇదిగో ఇక్కడ చూడు, నిమ్మకాయంత బొప్పి."

బొప్పి తల వెనకే ఉంది. కండక్టరు దాన్ని వేలితో తాకి చూసింది కూడా.

"నీ తప్పేముందిలే, బంగారుతల్లివి. నువ్వు లేకపోతే ఆసుపత్రికి ఎవరు తెచ్చేవాళ్లు? ఆ డ్రైవర్ని మాత్రం వదలకూడదు," అంది పెద్దావిడ. కండక్టరు పండ్లు మంచం పక్కన పెట్టి, తలూపి, వచ్చేసింది. తలూపినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆయన పర్మనెంటు మనిషి, తప్పు చేస్తే షెడ్డుకు వేస్తారు. తనది కాంట్రాక్టు. కాంట్రాక్టువాళ్లకు షెడ్డు కూడా ఉండదు, గేటే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నలభై మంది బ్రేకన్నారు, పడినావిడ బ్రేకంది, వేసినాయన కూడా వేశాననే అంటున్నాడు. ఇంతమంది ఒప్పుకున్నదాన్ని ఒక నూనె సీసా కాదంటోంది.

శుక్రవారం కూతురు ఎగురుకుంటూ వచ్చింది. పాఠం బాగా చెప్పిందట, టీచరు క్లాసు చేత చప్పట్లు కొట్టించిందట. "నీ అనుమానం కూడా అడిగానమ్మా. పాఠంలో తప్పు లేదు, మీ అమ్మ చూసినదాంట్లో ఏదో ముందూ వెనకా అయ్యుంటుంది అన్నారు," అంది. ఆమె చెప్పులేసుకుని డ్రైవరు ఇంటికి బయల్దేరింది. ఆయనకే ముందు చెప్పాలి. తిడితే తిట్టనీ.

సందు మలుపు తిరగ్గానే ఆయన కనిపించాడు. ఇంటి ముందు ఎత్తుపీట వేసుకుని కూర్చున్నాడు. కుడికాలి ముందు ఒక ఇటుక ఉంది. ఎదురుగా భార్య బియ్యం ఏరుతూ, ఉన్నట్టుండి "ఊఁ!" అంటోంది. ఆయన ఇటుకను తొక్కుతున్నాడు. కాలు తీసి పక్కన పెట్టుకుంటున్నాడు. ఆవిడ కాసేపు ఊరుకుంటోంది. ఆ కాసేపూ ఆయన కాలి వంక రెప్ప వేయకుండా చూస్తున్నాడు, అది తన అనుమతి లేకుండా కదులుతుందేమో పట్టుకోవాలని. "చూడవే, కదిలిందా?" అంటున్నాడు. "కదల్లేదండీ," అంటోంది ఆవిడ, ఏడుపు మింగుకుని. "సరిగ్గా చూడు," అంటున్నాడు.

కండక్టరు మలుపులోనే ఆగిపోయింది. తిట్లకు సిద్ధపడి వచ్చింది కానీ దీనికి సిద్ధపడలేదు. తన చెయ్యి చేసిన పనికి ఆయన కాలు నాలుగు రోజులుగా శిక్ష అనుభవిస్తోంది. అడుగు ముందుకు పడక వెనక్కి వచ్చేసింది, దారంతా తనను తాను తిట్టుకుంటూ.

శనివారం విచారణ గదిలో ఆఫీసరు ఫైలు మూసేసి, "అందరి మాటా ఒకటే. ఇంకేమైనా ఉందా?" అన్నాడు. డ్రైవరు లేదన్నట్టు తలూపాడు. కండక్టరు లేచి నిలబడింది.

"ఆవిడ వెనక్కి పడింది సార్."

"ఎటు పడితే ఏంటమ్మా, పడిందిగా."

"బ్రేకు వేస్తే ముందుకు పడాలి సార్. వెనక్కి పడిందంటే బస్సు బయల్దేరుతున్నట్టు. తల వెనకాల బొప్పి కూడా ఉంది. బ్రేకు పడింది నిజమే, కానీ ఆవిడ పడ్డాక పడింది. బయల్దేరడానికి గంట కొట్టింది నేను. ఆవిడ ఎక్కుతుంటే చూసుకోకుండా కొట్టాను." మెట్టు సంగతి, నర్సుల సంగతి మొత్తం చెప్పేసింది. చెబుతున్నంతసేపూ డ్రైవరు వైపు చూడలేదు.

ముందు నోరు విప్పింది డ్రైవరే.

"నమ్మకండి సార్," అన్నాడు. "మంచి పిల్ల. నా కోసం చెబుతోంది. అమ్మాయ్, నీది కాంట్రాక్టు ఉద్యోగం, ఎందుకమ్మా నీకీ పని? ముసలోడి కాలు పాడైంది, అంతే. ఒప్పుకుంటే పోలా?"

ఆమెకు దిమ్మ తిరిగిపోయింది. తిడతాడనుకుంది, కొడతాడేమో అని కూడా అనుకుంది. అబద్ధానికి నలభై సాక్ష్యాలు దొరికాయి, నిజం చెబితే త్యాగమంటున్నారు.

"త్యాగం కాదు బాబాయ్, నిజం!" అని అరిచింది. "సార్, బస్సు యార్డులోనే ఉంది. చూపిస్తాను. ఆయన్ని నడపమనండి."

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. ముందుకు, వెనక్కి అని ఆమె చెప్పింది ఆయనకు సగమే ఎక్కినట్టుంది. "రాయాలంటే నాకూ అర్థం కావాలిగా, పదండి," అన్నాడు.

డ్రైవరు బస్సు దాకా వచ్చి ఎక్కనన్నాడు. "ఇందులో సార్ ఉంటారు, నువ్వుంటావు. నా కాలు ఏం చేస్తుందో నాకే తెలీదు," అన్నాడు. పదడుగులు పోనిస్తే చాలని ఆమె బతిమాలింది. చివరికి ఎక్కి కూర్చున్నాడు. వంగి కుడికాలి వైపు ఒకసారి చూసుకున్నాడు. ఆఫీసరు మధ్యలో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వెనకాల నడవలో ఏమీ పట్టుకోకుండా నిలబడి తాడు రెండుసార్లు లాగింది.

బస్సు కదిలింది. ఆమె పడలేదు. నాలుగేళ్ల అలవాటు, ఒళ్లు దానంతటదే ముందుకు వాలి నిలబెట్టేసింది. బస్సు పదడుగులు పోయి మెల్లగా ఆగింది.

"పడలేదే?" అన్నాడు ఆఫీసరు. ఆయన గొంతులో వెటకారం లేదు, అయోమయమే ఉంది. "చెప్పానుగా సార్," అన్నాడు ముందు నుంచి డ్రైవరు నీరసంగా. ఆమెకు ఏడుపొచ్చింది. పడటం కూడా చేతకావడం లేదు.

"ఇంకొక్కసారి సార్."

ఈసారి సంచీ తెరిచి ఎడంచెయ్యి లోపల పెట్టింది. కుడిచేత్తో తాడు లాగి, వెంటనే తల వంచి చిల్లర లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు అని నిజంగానే లెక్కపెట్టింది, ఒళ్లు సంగతి మర్చిపోవాలని. నాలుగో నాణెం దగ్గర కాళ్ల కింద నేల ముందుకు పోయింది. బస్సు కప్పు కనపడింది. వీపు నేలకు కొట్టుకుని నోట్లోంచి కేక వచ్చింది. ఆ కేక పూర్తికాకముందే బస్సు కీచుమంటూ ఆగింది. ఆమె నేల మీద జానెడు దూరం ముందుకు జారింది. మధ్యలో ఆఫీసరు ముందుకు తూలాడు, ఫైలు ఎగిరి డ్రైవరు సీటు వెనక పడింది.

"ఏంటయ్యా ఈ సడన్ బ్రే..." అని అరవబోయి ఆఫీసరు నోరు అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరిగి నేల మీదున్న ఆమెను చూశాడు. కాళ్లు డ్రైవరు వైపున్నాయి, తల వెనక సీటు వైపుంది.

ఇంజను ఆగిపోయింది. డ్రైవరు లేవలేదు, వెనక్కి తిరగలేదు. పైనున్న లోపలి అద్దంలోంచి ఆమెనే చూస్తున్నాడు.

"అద్దంలో చూశాను," అన్నాడు. ఎవరితోనో కాదు. "నువ్వు పడుతుంటే అద్దంలో చూశాను. చూసి వేశాను."

"మొన్న కూడా అంతే బాబాయ్."

"చూసే వేశానా?"

"చూసే వేశారు. ఆవిడ పడ్డప్పుడు ఎటూ తూలకుండా చూసింది మీరొక్కరే."

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆమె మోచెయ్యి రాసుకుంటూ లేచి, వెళ్లి ఆయన సీటు పక్కన నిలబడింది. తిట్టమంది. "నాలుగు రోజులు మీ చేత ఇటుక తొక్కించాను. తిట్టండి బాబాయ్."

"తిడతాను," అన్నాడాయన, కళ్లు తుడుచుకోకుండానే. "తప్పకుండా తిడతాను. ఇవాళ కాదు."

ఆఫీసరు ఫైలు ఏరుకుని, కాగితాలు దులిపి, ఆమె వైపు చూడకుండా చెప్పాడు, సోమవారం నుంచి డ్యూటీకి రావద్దని, ఉత్తర్వు ఇంటికి వస్తుందని, టిక్కెట్టు మిషను గుమాస్తాకు ఇచ్చేసి వెళ్లమని. అలాగే సార్ అంది. అనుకున్న సంగతే. ఇంట్లో అత్తగారితో ఏమని చెప్పాలో ఒక్క మాట కూడా తోచలేదు.

ఆఫీసరు దిగి వెళ్లాక, భుజం మీది సంచీ తీసి చేత్తో పట్టుకుని మెట్టు దిగింది. యార్డులో నాలుగడుగులు వేశాక వెనక బుస్సుమని గాలి చప్పుడైంది. మళ్లీ అయింది. ఆగి తిరిగి చూసింది. కదలని బస్సులో ఆయన ఒక్కడే కూర్చుని బ్రేకు తొక్కుతున్నాడు, వదులుతున్నాడు. తన కాలి వంక చూసుకోవడం లేదు. తలెత్తి అద్దాల్లోంచి ఖాళీ యార్డు వైపు చూస్తూ తొక్కుతున్నాడు.